మనవరాలి నీటిరంగుల బొమ్మ వచ్చింది: ఎట్టా కట్టించాలి, ఎక్కడ తగిలించాలి?

బైరాగిపట్టెడ అవ్వ:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పోస్టాఫీసులో కౌంటరు మీద పనిచేసి రిటైరైనదాన్ని. అడగాల్సింది రెండు ముక్కలే. కానీ సంగతి చెప్పకుండా అడిగితే మీరు తిరిగి నన్నే ప్రశ్నలేస్తారు, అందుకని వివరంగా రాస్తున్నా. ఓపిక చేసుకోండి.

మొన్న మధ్యాహ్నం ఒక పార్సిల్ వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఏమీ ఆర్డర్ పెట్టలేదు. పంపినవాళ్ళ పేరు చూస్తే, మా మేడ మీది గదిలో అద్దెకుండిన అమ్మాయి. పలమనేరు పిల్ల. పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివినన్నాళ్ళూ మా దగ్గరే ఉండింది, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. పండక్కీ పబ్బానికీ ఒక మెసేజి పెడుతుంది, అంతే. ఏదో పంపుతున్నానని ఒక్క మాట కూడా చెప్పలేదు.

ముందు కట్టిన తీరు చెప్పాలి. రెండు గట్టి అట్టలు, మధ్యలో కవరు, నాలుగు మూలలకీ కాగితం తొడుగులు, మీద "మడవరాదు" అని ఎర్ర స్కెచ్చుతో రెండు వైపులా. సర్వీసులో ఎన్ని పార్సిళ్ళు తూకం వేశానో లెక్కలేదు గానీ ఇంత ఒబ్బిడిగా కట్టింది అరుదుగా చూశా. విప్పితే లోపల మా మనవరాలు!

మూడో ఏట పాపకి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాం. కల్యాణకట్టలో కూర్చోబెట్టిన క్షణం నుంచీ ఒకటే ఏడుపు. బయటికొచ్చాక గుండుకి గంధం పూసి నిలబెడితే మా అల్లుడు ఫోటో తీశాడు. అది నేను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టా. స్టేటస్ ఒక్క రోజుండి పోతుంది కదా, ఆ పిల్ల అప్పుడే దాచుకుందన్నమాట. దాన్ని చూసి నీటిరంగుల్లో వేసింది.

గుండు మీద వెలుగు పడ్డచోట రంగే లేదు, ఉత్త కాగితం. దాని చుట్టూ పల్చగా గంధం పసుపు. చెవి వెనక గంధం అందనిచోట లేత ఊదా నీడ. చెంప మీద మేం పెట్టిన దిష్టిచుక్క కన్నీళ్ళకి కరిగి దవడ దాకా కారింది. ఫోటోలో అది ఉత్త మరక, నేనెప్పుడూ పట్టించుకోనేలేదు. బొమ్మలో ఆ నలుపు నిజంగానే నీళ్ళలో పడి జారింది. కింది పెదవి ముందుకు పెట్టి ఏడ్చే ఏడుపు మా అమ్మాయిది, చిన్నప్పుడు ఇట్టాగే ఏడ్చేది. మా ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూసి, "ఏందే ఇది, ఇప్పుడే గొంతెత్తేటట్టుండాదే!" అన్నాడు. వెనక పెన్సిలుతో ఒక ముక్క రాసింది: "అవ్వా, పాప ఏడుపు బాగుంది, అందుకే వేశా."

ఇక తంటా ఇక్కడ మొదలైంది. సంతోషం పట్టలేక చిత్తూరులో ఉండే మా వియ్యపురాలికి ఫోటో తీసి పంపా. వెంటనే ఫోను. "గుండుతో ఏడస్తా ఉండే బొమ్మ గోడకి పెడతారా వదినా? పుట్టినరోజు గౌను ఫోటో ఉండాది కదా, అది పంపిచ్చి మళ్ళీ వేపిచ్చుకోకూడదా? అయినా బతికుండే బిడ్డకి పటం కట్టిచ్చి మేకుకి తగిలిస్తారా ఎవరన్నా?" అని. పైగా చివర్లో, "మీకొద్దంటే మాకు పంపండి, బీరువాలో పెట్టుకుంటాం" అని కూడా అంది! వద్దన్నది ఎవరు?

నాకైతే ఆ ఏడుపే కావాలి. గౌను ఫోటోలో పాప నవ్వమంటే నవ్వింది, ఎవరింట్లో చూసినా ఉండే ఫోటో అది.

ఇప్పుడు నా ప్రశ్నలు. మా హాల్లో ఒక గోడ 2021 నవంబరు వానలకి నానింది. అప్పట్నుంచి ఎన్ని పూతలు పూసినా కార్తీకం వచ్చేసరికి చెమ్మ దిగుతుంది. ఇంకో గోడకి పొద్దున ఎండ. ఇట్టాంటి ఇంట్లో ఈ బొమ్మ నిలవాలంటే ఏం చేయాలి? మా పక్కింటాయన లామినేషన్ చేయించేయమంటాడు, మంచిదేనా? ఇక ఆ పిల్లకి ఏమివ్వాలి? డబ్బు వేస్తానంటే "అవ్వా, మళ్ళీ మాట్లాడను" అంది. పటం కట్టించే విషయంలో మీ ఇళ్ళల్లో పెద్దలు ఏమంటారో అదీ చెప్పండి.

—

ఫ్రేముల పనివాడు:

అమ్మా, ముందు ఒక పని చేయండి. ఏం చేయకండి. లామినేషన్ మాత్రం పొరపాటున కూడా వద్దు. అది వేడితో అంటించే ప్లాస్టిక్కు, ఒకసారి అంటుకుందంటే బొమ్మ చిరగకుండా బయటికి రాదు. మీ పక్కింటాయన రేషను కార్డుకి చేయించుకోమనండి.

మాది తిరుపతిలో పటాల షాపు. రోజూ కట్టేవి ఎక్కువగా స్వామి పటాలు, అమ్మవారి పటాలు, పెళ్ళి ఫోటోలు. వాటికి అద్దం బొమ్మ మీదే పడుకోబెట్టి కడతాం, నడిచిపోతుంది. నీటిరంగుల బొమ్మకి అట్టా కుదరదు. అద్దం లోపలివైపు చెమ్మ పడితే రంగు అద్దానికి అంటుకుంటుంది, లేదంటే బూజు పడుతుంది. మధ్యలో మౌంటు బోర్డు, అంటే నడుమ బొమ్మ కనబడేటట్టు కోసిన మందపాటి అట్ట, పెట్టించండి, బొమ్మ చుట్టూ రెండంగుళాలన్నా ఉండేటట్టు. ఆ బోర్డు మందమే బొమ్మకీ అద్దానికీ మధ్య గాలి ఆడే చోటు.

బోర్డు యాసిడ్ లేనిదే కావాలని గట్టిగా అడగండి. మామూలు బోర్డు కొత్తలో తెల్లగానే ఉంటుంది. కొన్నేళ్ళకి ఏటవాలుగా కోసిన లోపలి అంచు గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ మరక బొమ్మ కాగితానికి కూడా దిగుతుంది. రిపేరుకొచ్చే పాత పటాల్లో నేను చూసేది ఎక్కువగా ఇదే. వెనక పెట్టే అట్టకీ ఇదే మాట. హార్డుబోర్డు నేరుగా బొమ్మ వీపుకి తగలకూడదు.

అంటించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. మా పనిలో తొందరెక్కువ, కుర్రాళ్ళు నాలుగు వైపులా గమ్ము రాసి ఒత్తేస్తారు, లేదా సెల్లోటేపు వేసేస్తారు. ఆ కాగితం వానాకాలం తేమకి సాగుతుంది, ఎండాకాలం బిగుస్తుంది. నాలుగు వైపులా పట్టేస్తే సాగడానికి చోటు లేక అలలు లేస్తుంది. పై అంచున రెండు చోట్ల పల్చని కాగితం పట్టీలతో వేలాడదీయాలి, అదీ తడి చేస్తే ఊడొచ్చే జిగురుతో. సెల్లోటేపు జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకితే ఇక పోదు.

బొమ్మ అంచులు చింపినట్టు గరుకుగా ఉన్నాయా? ఉంటే కోయించకండి, అవి చేత్తో చేసిన మంచి కాగితానికి ఉండే అంచులు. బోర్డు కింద దాచకుండా బొమ్మ మొత్తం పైకి తేలినట్టు కూడా కట్టొచ్చు. కాకపోతే అప్పుడు అద్దం తగలకుండా లోపల చుట్టూ సన్న బద్దీలు వేయాలి.

గోడ సంగతి. నానిన గోడ వద్దే వద్దు, ఎన్ని పూతలు పూసినా సరే. ఎండ పడే గోడ కూడా వద్దు. రెండు గదుల మధ్య లోపలి గోడ ఉంటుంది కదా, బయటి వాన తగలనిది, దానికి తగిలించండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు కార్కు బిళ్ళలు అంటిస్తే పటానికీ గోడకీ సందు ఉంటుంది, గాలి ఆడుతుంది. దేవుడి గూటి పక్కన పెట్టకండి, దీపం పొగా సాంబ్రాణీ సన్నసందుల్లోంచి కూడా పోతాయి. వానలైపోయాక ఒకసారి దింపి వెనక చూసుకోండి. వెండిరంగు పురుగులు కాగితాన్నీ జిగురునీ కూడా తింటాయి.

మనవలు ఇంట్లో బంతాట ఆడే రకమైతే అద్దం బదులు యాక్రిలిక్ షీటు, అంటే అద్దంలా కనబడే గట్టి ప్లాస్టిక్కు, వేయించండి. అద్దంలా ముక్కలై పగలదు. కానీ పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి.

—

మదనపల్లె కోడలు:

అక్కా, ఫ్రేముల అన్న చెప్పింది నాకు సగమే అర్థమైంది గానీ మీ వియ్యపురాలి మాట మాత్రం బాగా అర్థమైంది, మా అత్తగారు కూడా అదే రకం.

మా ఇంట్లో గోడమీద పటమంటే పోయినవాళ్ళదే, దానికో దండ, ముందర చిన్న ఎర్ర బల్బు. అందుకే పెద్దవాళ్ళకి మనసు ఒప్పదు. అదే అత్తగారు మా పెళ్ళి ఫోటో మాత్రం ఇంత పెద్దది కట్టించి హాల్లో పెట్టుకున్నారు, అప్పుడు మేమిద్దరం బతికే ఉన్నాం కదా! అడిగితే "అది వేరే" అన్నారు. మేం ఏం చేశామంటే, పిల్లల ఫోటోలు మేకుకి తగిలించకుండా షోకేసు మీద ఆనించి నిలబెట్టాం. పటమూ కాదు, దండ వేసే వీలూ లేదు. ఎవరూ నోరెత్తలేదు. మీరూ అట్టా చేసి చూడండి.

దిష్టి గురించి అసలు బెంగ వద్దు. బొమ్మలోనే దిష్టిచుక్క ఉందంటున్నారు కదా! ఇంక వేరే చుక్క దేనికి? మీ వదినగారికి ఆ మాటే చెప్పండి, చుక్క పెట్టి మరీ వేసిందని.

ఆ అమ్మాయికి ఏమివ్వాలంటారా? ఇంటికి పిలిచి భోజనం పెట్టండి. గంగమ్మ జాతరప్పుడో, సెలవులకి పలమనేరు వచ్చినప్పుడో తిరుపతికి రమ్మనండి. పసుపు కుంకుమ, మంచి చీర పెట్టి ఆడబిడ్డని పంపినట్టు పంపండి. డబ్బంటే కోప్పడిన పిల్ల చీరంటే కోప్పడదు.

—

రేణిగుంట కుర్రోడు:

అవ్వా, ఏమనుకోవద్దు. ఫోటో ఇస్తే నిమిషంలో వాటర్ కలర్ చేసిచ్చే యాప్‌లు బోలెడు. ప్రింటు తీసి పంపిందేమో చూసుకున్నారా? అట్టయితే ఇంత ఖర్చుపెట్టి ఫ్రేము దేనికి?

—

డ్రాయింగు మాస్టారు, చిత్తూరు:

రేణిగుంట తమ్ముడూ, అడిగిన తీరు బాగాలేదు గానీ ప్రశ్న మంచిదే, చెబుతా. అమ్మా, బొమ్మని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీటిరంగు ఆరేటప్పుడు తడి అంచున రంగు పోగుపడి సన్నటి ముదురు గీత ఏర్పడుతుంది. నీడల్లో, ముఖ్యంగా ఊదా, నీలం పడ్డచోట, రంగు పొడి కాగితం గుంటల్లో దిగి నూకలా కనిపిస్తుంది. కాగితం కొద్దిగా వంగి ఉంటుంది. ప్రింటు అయితే భూతద్దంలో సన్న సన్న చుక్కలు వరసగా కనబడతాయి. తడి వేలితో మాత్రం పరీక్ష చేయకండి! ఈ రంగుల్ని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్ల బంక. అది ఆరినా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డని కరక్కాయలో నానబెట్టి, పటిక పెట్టి, ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఉతికి రంగు నిలబెడతారు. నీటిరంగుకి ఆ యోగం లేదు. దానికి రక్షణంతా మనం పెట్టే అద్దమూ, మనం ఎంచే గోడే.

గుండు మీద కాగితం వదిలేసిందన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నాకు ఆ అమ్మాయి చేయి తెలిసింది. నీటిరంగుల్లో తెలుపు ముందే దాచుకోవాలి, తర్వాత తెచ్చుకోలేం. ఎక్కడ రంగు వేయకూడదో కుంచె ముట్టుకోకముందే తేల్చుకోవాలి. హైస్కూల్లో పిల్లలకి ఇది నేర్పడానికి నా సర్వీసంతా సరిపోయింది, అందరికీ చివర్లో తెల్లరంగు పూయాలనే ఉంటుంది. కన్నీళ్ళకి కరిగిన కాటుక అయితే ఇంకా కష్టం. తడి మీద తడి వేయాలి, ఎక్కడ ఆగుతుందో కనిపెట్టుకుని వంచాలి. అది జారిపోయి ముఖమంతా పాడయ్యే అవకాశమే ఎక్కువ. బహుశా ఒకటో రెండో కాగితాలు చించి ఉంటుంది, మీకు చెప్పదు.

వెలుతురు సంగతి ఫ్రేముల తమ్ముడు సగం చెప్పాడు. నేరుగా ఎండ పడకపోయినా రంగులన్నీ ఒకేలా నిలవవు. భూమిలోంచి వచ్చే రంగులు, కావి, పసుపు మట్టిరంగు లాంటివి, తరాలు నిలుస్తాయి. ఎరుపుల్లో కొన్ని మోసం చేస్తాయి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు చిత్రకారులకి ఇష్టమైనది, పెదవులకీ బుగ్గలకీ తెగ వాడతారు, వెలుతురుకి వెలిసిపోతుంది. ట్యూబు మీద సన్న అక్షరాల్లో పి.ఆర్. 83 అని ఉంటే అదే. ఆ అమ్మాయిని ఊరికే అడగండి, ఏ ఎరుపు వాడావమ్మా అని. అదే అయితే అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దం ఆర్డరిచ్చి తెప్పించుకోండి. ధర ఎక్కువే. అది కూడా వెలవడాన్ని నెమ్మదింపజేస్తుంది తప్ప పూర్తిగా ఆపదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. దామెర్ల రామారావు గారు 1925లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండా పోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో నేటికీ చూడొచ్చు, వాటిలో నీటిరంగులవీ ఉన్నాయి. కాగితం మంచిదై, చూసుకునేవాళ్ళుంటే మీ మనవరాలి మనవరాలు కూడా ఈ ఏడుపు చూస్తుంది.

ఫ్రేముకి ఇచ్చేముందు స్కాను తీయించండి. పెద్ద సైజు స్కానరున్న చోట 600 డీపీఐలో, అంటే సన్న వివరాలు కూడా వచ్చేటట్టు. ఫోనుతో తీస్తే గంధం పసుపు ఒకలా, నీడ ఒకలా వస్తాయి. ఆ ఫైలుతో మంచి నూలు కాగితం మీద ప్రింటు తీయించి చిత్తూరు వియ్యపురాలికి ఒకటి పంపండి. బీరువాలో పెట్టుకుంటారో గోడకి పెట్టుకుంటారో వాళ్ళిష్టం. అయితే ప్రింటు తీసేముందు వేసిన పిల్లని ఒక్క మాట అడగండి, బొమ్మ మీకిచ్చినా దాని నకళ్ళు తీసే హక్కు వేసినవాళ్ళదే.

చీర పెట్టండి, భోజనం పెట్టండి, తప్పకుండా. కానీ చిత్రకారులకి నేనెరిగిన అసలు బహుమతి ఇంకొకటుంది. ఇంకో బొమ్మ వేయమని అడిగి, దానికి డబ్బివ్వడం. బహుమతికి వెల కడితే కోపం వస్తుంది. ఆర్డరుకి వెల చెప్పమంటే గౌరవం. కుంచెలు కొనివ్వకండి, ఎవరి చేతికి అలవాటైనవి వాళ్ళకుంటాయి. ఏదైనా వస్తువే ఇవ్వాలనిపిస్తే నూటికి నూరుపాళ్ళు నూలు కాగితం, 300 జీఎస్‌ఎం, అంటే బాగా దళసరిది, ఒక పుస్తకం ఇవ్వండి. అది ఖరీదు, అందుకని పిల్లలు తమ డబ్బుతో కొనడానికి వెనకాడతారు.

—

రేణిగుంట కుర్రోడు:

సారీ అవ్వా, సారీ మాస్టారూ. మా చెల్లెలు కూడా బొమ్మలేస్తుంది, ఆ పేపరు పేరు రాసిపెట్టుకున్నా.

—

బైరాగిపట్టెడ అవ్వ:

అందరికీ పేరుపేరునా దండాలు. రేణిగుంట నాయనా, నువ్వడిగినందుకే కిటికీ దగ్గర పెట్టి చూశా. చెవి కింద నీడలో నూక కనిపించింది, గంధం అంచున ముదురు గీత కూడా. మా ఆయన భూతద్దం తెచ్చుకుని ఇంకా అక్కడే కూర్చున్నాడు.

ఆ పిల్లకి నిన్న రాత్రి ఫోను చేశా. ఎరుపు గురించి అడిగితే అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత పకపకా నవ్వు. "అవ్వా, ఈ ప్రశ్న నీకెవరు నేర్పారు?" అంది. అలిజరిన్ కాదట, వెలవనిదే వాడిందట, పేరేదో చెప్పింది, నాకు నోరు తిరగలేదు. ప్రింటు ఒకటి తీసుకోమంది. కాగితాలు చించావా అని అడిగితే మాట మార్చేసింది. మాస్టారు గారూ, మీ మాటే నిజం.

వియ్యపురాలి సంగతి. మదనపల్లె చెల్లెమ్మా, దిష్టిచుక్క మాట నీ నోటి మాటగానే చెప్పా. "అవునా, నేను చూళ్ళేదే" అని మళ్ళీ ఫోటో తెరిచి చూసుకుంది. కాసేపటికి మెత్తబడి, "మాకు పంపే దాంట్లో కూడా ఆ చుక్క పడతాదా వదినా?" అని అడిగింది. పడుతుందన్నా. అయితే సరేనంది. గుండు గురించి మాత్రం ఇంకా గొణుగుతూనే ఉంది, గొణగనీ. మొక్కు తీర్చుకున్నందుకు సిగ్గేమిటో నాకు తెలియదు. మా ఇంట్లో బొమ్మ షోకేసు మీద కాదు, గోడకే ఉంటుంది. వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఎంచా. అది లోపలి గోడ, ఎండా వానా రెండూ తగలవు. పొయ్యి దానికి అవతలి మూలలో ఉంది, పొగ ఇటు రాదు.

ఇంకో చిక్కు వచ్చింది. పెద్దమనవడు, పాప అన్న, వీడియో కాల్‌లో ఇదంతా విని "నా బొమ్మేది అవ్వా?" అని మూతి ముడిచాడు. మాస్టారి సలహా అక్కడ పనికొచ్చింది. వాడిది వేసివ్వమ్మా, ఇది ఆర్డరు, నీ రేటు చెప్పు అన్నా. కాసేపు నసిగి చెప్పింది. నేను బేరమాడలేదు. వాడు నవ్వుతూ ఉండే ఫోటోలు పంపితే "ఇవి వద్దవ్వా, కోపంగా ఉన్నప్పుడు తీసి పంపు" అంది. మా అమ్మాయికి ఆ పని అప్పగించా, వాడికి తెలియకుండా తీయాలి.

ఫ్రేముల నాయనా, నీ షాపు గాంధీ రోడ్డు వైపా, తిలక్ రోడ్డు వైపా? ఆదివారం తెరుస్తావా? పాపది ఇప్పుడు ఇస్తా, వాడిది వచ్చాక ఇస్తా. రెండూ పక్కపక్కన పెడతా కాబట్టి చెక్క బద్దీ ఒకే రకం దొరికేటట్టు ఇప్పుడే పక్కన తీసిపెట్టు. అద్దం వద్దు, వాడు బంతాడే రకమే, యాక్రిలిక్కే వెయ్యి.